చిన్న ఊళ్ళో తపాలా బిళ్ళల దుకాణం: ఎలా మొదలుపెట్టాలి, ఊరికి ఎలా పనికిరావాలి

మాది జగిత్యాల జిల్లా కోరుట్ల. 28 ఏళ్ళుగా తపాలా బిళ్ళల దుకాణం నడుపుతున్నాను. బోర్డు మీద స్టాంపులు అని ఉంటుంది కాబట్టి రోజూ ఒకరిద్దరు వచ్చి బాండ్ పేపర్ అడుగుతారు, వాళ్ళకు స్టాంప్ వెండర్ ఎక్కడ కూర్చుంటాడో చెప్పి పంపిస్తాను. మీరు ఈ పని మొదలుపెడితే మీకూ ఇది తప్పదు, అందుకే ముందే ఒక మాట: వాడని నాన్ జ్యుడిషియల్ స్టాంప్ పేపర్లు (ఆ బాండ్ పేపర్లే) లైసెన్స్ లేకుండా అమ్మకూడదు, ఎవరైనా తెచ్చి ఇచ్చినా తీసుకోకండి. పోస్టాఫీసు బిళ్ళలు, పాత కవర్లు, కార్డులు, వాటిని సేకరించేవాళ్ళు, ఇదే మన లోకం.

ఈ మధ్య నిర్మల్ నుంచి ఒక తమ్ముడు, మంచిర్యాల నుంచి రిటైరైన టీచర్ ఒకాయన ఫోన్ చేసి ఎలా మొదలుపెట్టాలో చెప్పమన్నారు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతాను, అందుకని నాకు తెలిసింది, చేసి చూసింది ఇక్కడ రాస్తున్నాను.

ముందు పొట్ట సంగతి

ఒక్క స్టాంపుల మీదే చిన్న ఊళ్ళో ఇల్లు గడవదు. నాకు గడవలేదు, నాకు తెలిసిన ఎవరికీ గడవలేదు. జిరాక్స్ మెషీన్, స్కూలు నోట్‌బుక్కులు, పాత నాణేలు, ఇలా ఏదో ఒకటి పక్కన ఉండాలి. నా దుకాణంలో కరెంటు బిల్లు, అద్దె జిరాక్స్ కడుతుంది. స్టాంపులకు దాని ఉపకారం ఇంకొకటి ఉంది. అద్దె టెన్షన్ లేనప్పుడు మనిషి అబద్ధం ధర చెప్పడు. నెలాఖరుకు డబ్బు అందక చేతులు వణుకుతున్నవాడి ముందు ఒక ముసలావిడ పాత ఆల్బం పెడితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

సామాను పెద్దగా అక్కర్లేదు. మొన చదునుగా ఉండే ట్వీజర్ (మెడికల్ షాపులో దొరికే సూది మొనది వద్దు, కాగితం చిరుగుతుంది), పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, స్టాంపు అంచుల పళ్ళు కొలిచే పర్ఫరేషన్ గేజ్, స్టాంపులు పెట్టుకునే నల్ల పేజీల స్టాక్ బుక్కులు నాలుగైదు, గ్లాసిన్ (పల్చని నునుపు కాగితం) కవర్లు. ఇవన్నీ మూడు నాలుగు వేలలో వచ్చేస్తాయి. ఫొటోలు పెట్టుకునే మామూలు ప్లాస్టిక్ ఆల్బంలు మాత్రం కొనకండి, ఆ మెత్తని పీవీసీ కాలం గడిచేకొద్దీ స్టాంపుకు అంటుకుని రంగు లాగేస్తుంది. సెల్లోటేప్, లామినేషన్ కూడా అంతే. ఒకసారి లామినేట్ చేసిన స్టాంపును సేకరించేవాళ్ళు ఇక స్టాంపు కింద లెక్కపెట్టరు.

వానాకాలంలో గాలిలో తేమకు వెనక జిగురు కరిగి మింట్ (వాడని కొత్త) స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, గోధుమరంగు చుక్కలు పడతాయి. స్టాక్ బుక్కులు పడుకోబెట్టకుండా నిలబెట్టండి, బీరువాలో సిలికా జెల్ సంచులు పెట్టండి, వారానికొకసారి ఎండ తగలని చోట తెరిచి గాలి ఆడనివ్వండి. అంతే చాలు.

మొదటి ఏడాది ఒక నియమం పెట్టుకున్నాను, మీకూ అదే చెబుతాను: ఐదు వందలు దాటిన స్టాంపు ఏదీ కొనలేదు. కన్ను తయారుకాక ముందు ఖరీదైన సరుకు కొంటే ఫీజు కట్టి చదువుకున్నట్టే అవుతుంది, ఆ ఫీజు మాత్రం చాలా ఎక్కువ.

సరుకు ఎక్కడ దొరుకుతుంది

కొత్త స్టాంపులకు పోస్టాఫీసే దారి. హైదరాబాద్ అబిడ్స్ జీపీవోలో ఫిలాటెలిక్ బ్యూరో (స్టాంపులు సేకరించేవాళ్ళ కోసం ఉన్న విభాగం) ఉంది, చాలా హెడ్ పోస్టాఫీసుల్లో కౌంటర్లు ఉన్నాయి. కనీసం 200 రూపాయలతో ఫిలాటెలిక్ డిపాజిట్ అకౌంట్ తెరిస్తే, కొత్తగా విడుదలైనవి ఆ అకౌంట్ నుంచి డబ్బు మినహాయించుకుని ఇంటికి పంపుతారు. దుకాణదారుకు ఇందులో కమీషన్ ఏమీ ఉండదు, ముఖ విలువకే (బిళ్ళ మీద అచ్చయిన ధరకే) కొంటాం. ఐదు రూపాయల స్టాంపును పదికి అమ్ముతాను, ఎందుకంటే దాని కోసం కోరుట్ల పిల్లాడు హైదరాబాద్ బస్సు ఎక్కాల్సిన పని లేకుండా పోతుంది. అదీ అడిగినవాళ్ళకు దాచకుండా చెబుతాను.

అసలు సరుకు ఇళ్ళల్లో ఉంటుంది. మా వైపు ఇళ్ళల్లో రెండు రకాల పెట్టెలు కనిపిస్తాయి.

ఒకటి నిజాం కాలంనాటివి. హైదరాబాద్ సంస్థానం 1869లో మొదటి స్టాంపు తెచ్చింది, 1871 నుంచి వచ్చిన వరుసలో ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీ కూడా ఉన్నాయి. 150 ఏళ్ళ నాటి స్టాంపు మీద తెలుగు అక్షరాలు భూతద్దంలో చూపిస్తే ఎంత పెద్దవాళ్ళయినా ఒక్క క్షణం మాట్లాడరు. 1931 నుంచి వచ్చినవాటిలో ఒక అణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్ సాగర్, ఎనిమిదణాల మీద అజంతా గుహల ద్వారం ఉంటాయి. 1937లో నిజాం రజతోత్సవానికి ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం బొమ్మలతో వచ్చాయి. కొన్నిటి మీద ఉర్దూలో ‘సర్కారీ’ అని అదనంగా అచ్చు ఉంటుంది, అవి ప్రభుత్వ ఆఫీసుల వాడకానికి. విడి చార్మినార్ అణా స్టాంపు లక్షల్లో అచ్చయింది, చవక. అదే స్టాంపు ఒక చిన్న తాలూకా పోస్టాఫీసు ముద్రతో, మొత్తం కవరు మీద, అడ్రసుతో సహా ఉంటే సంగతి వేరు. ముద్ర చదవడం నేర్చుకోండి. ఊరి పేరు ఉన్న ముద్రకు ఆ ఊరివాళ్ళే మంచి ధర ఇస్తారు, ఇది పెద్ద నగరాల డీలర్లకు అంతగా తెలియని సంగతి, మనకు మాత్రం రోజూ పనికొచ్చేది.

రెండోది గల్ఫ్ పెట్టె. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు నుంచి దుబాయ్, మస్కట్, బహ్రెయిన్, కువైట్, సౌదీ వెళ్ళినవాళ్ళు లేని వాడకట్టు ఉండదు. ఫోన్లు రాకముందు ఉత్తరాలే. క్యాసెట్లో మాట రికార్డు చేసి ఊరికొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు కూడా ఉన్నారు. ఉత్తరాలను రేకుడబ్బాల్లో దాచారు, ఇప్పటికీ ఉన్నాయి. నా మొదటి ఏడాదిలో ఒక అవ్వ అలాంటి డబ్బా తెచ్చింది, బిళ్ళలు తీసుకుని డబ్బిమ్మంది. నేను కత్తెర తీసుకుని మూలలన్నీ కత్తిరించి, మిగతావి కట్టగట్టి తిరిగిచ్చాను. అందులో చాలావరకు ఏరోగ్రామ్‌లు. ఏరోగ్రామ్ అంటే ఒకటే నీలం కాగితం, లోపల రాసి మడిచి అంటించేది, బిళ్ళ దాని మీదే అచ్చయి ఉంటుంది. మూల కత్తిరిస్తే లోపలి రాత కూడా పోతుంది. పది రోజులకు ఆమె మనవరాలితో కలిసి మళ్ళీ వచ్చింది. "ఇక్కడ నా కొడుకు ఏం రాసిండో కొద్దిగ చెప్పు బిడ్డా, పోరి చదువుతుంటె మధ్యల మాటలు పోయినయ్" అంది. కొడుకు అప్పటికే లేడు. కత్తిరించిన ముక్కలన్నీ తీసి, ఏ ముక్క ఏ ఉత్తరానిదో చూసి, రెండు రాత్రులు కూర్చుని వెనకనుంచి పల్చని కాగితం పట్టీలతో అతికించి ఇచ్చాను. అన్నీ దొరకలేదు, కొన్ని అప్పటికే అమ్ముడుపోయాయి.

అప్పటి నుంచి నా దుకాణంలో కత్తెర లేదు. వ్యాపారం లెక్క చూసినా ఇదే సరైన పద్ధతి. నిండు ఏరోగ్రామ్, ముద్రతో, రాతతో సహా ఉన్నది, కత్తిరించిన మూల కన్నా ఎన్నో రెట్లు విలువైనది. మీ దగ్గరకు పెట్టె వస్తే ఇలా చేయండి: ముందు ఇంట్లో అందరూ చదివారా అని అడగండి. చదవడం రానివాళ్ళయితే మీరే చదివి వినిపించండి, సమయం పడుతుంది, పట్టనివ్వండి. తర్వాత ప్రతి ఉత్తరానికీ లోపలా బయటా జిరాక్స్ తీసి ఇంటికివ్వండి (జిరాక్స్ మెషీన్ మన దగ్గరే ఉంది కదా). కవరు మాత్రం అమ్మి లోపలి ఉత్తరం ఉంచుకుంటామంటే ఉంచుకోనివ్వండి. డబ్బు విషయాలు, జబ్బు విషయాలు, ఇంటి గొడవలు ఉన్న ఉత్తరాలు ఎంత డబ్బొచ్చినా బయట అమ్మకండి. చదివింది ఎక్కడా మాట్లాడకండి.

ధర ఎలా చెప్పాలి

దుకాణం నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే.

జనం మనసులో రెండు నమ్మకాలు ఉంటాయి: పాతదంటే లక్షలు, పెద్ద పుస్తకం నిండా ఉంటే ఇంకా లక్షలు. వీడియోలు చూసి ఆశ పెట్టుకుని వస్తారు. కూతురి పెళ్ళి ఖర్చు ఈ ఆల్బంతో వెళ్ళిపోతుందనుకుని వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళకు నిజం చెప్పడం కష్టం, అయినా మొదటి పది నిమిషాల్లోనే చెప్పాలి, ఆశ పెంచి తర్వాత దించకూడదు.

మామూలుగా ఏముంటాయంటే: 1960లు, 70ల తొలినాళ్ళలో అజ్మాన్, షార్జా, ఫుజైరా లాంటి చిన్న ఎమిరేట్ల పేరుతో అచ్చయిన రంగురంగుల పెద్ద స్టాంపులు, అంతరిక్షం, కార్లు, పక్షులు, సినిమా తారలు. హంగరీ, పోలండ్ త్రికోణాలు. వీటిలో చాలావాటి మీద ముద్ర ఉంటుంది కానీ ఉత్తరానికి ఎప్పుడూ వాడలేదు, ఫ్యాక్టరీలోనే ముద్ర కొట్టి పాకెట్లుగా అమ్మారు. జిగురు వెనక చెక్కు చెదరకుండా ఉండి, ముందు మూలలో నీటుగా పావు ముద్ర ఉంటే అదే గుర్తు. అందమైనవి, పిల్లలకు బాగుంటాయి, ధర మాత్రం రూపాయి రెండు రూపాయలు. ఇంకోటి, 1990ల తర్వాతి మన దేశపు మింట్ షీట్లు. దాచుకుంటే పెరుగుతుందని పోస్టాఫీసులో షీట్లకు షీట్లు కొని పెట్టుకున్నవాళ్ళు చాలామంది, ఇప్పుడు వాటిలో ఎక్కువభాగం ముఖ విలువకన్నా తక్కువకే అమ్ముడవుతాయి. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే, నాకు తక్కువకు ఇవ్వడం కన్నా మీ పోస్టుకు అంటించుకోండి, పూర్తి విలువ వస్తుంది.

నిజంగా విలువైనది వచ్చినప్పుడు కూడా అంతే సూటిగా ఉండాలి. 1948 ఆగస్టు 15న గాంధీ స్టాంపులు నాలుగు వచ్చాయి: ఒకటిన్నర అణా, మూడున్నర అణాలు, 12 అణాలు, పది రూపాయలు. మొదటి మూడు మామూలే, పది రూపాయలది, శుభ్రంగా ఉంటే, మంచి ధర పలుకుతుంది. ఒక పాత ఆల్బంలో అది కనిపిస్తే తెచ్చినవాళ్ళకు తెలియకపోవచ్చు. మీకు తెలుసు. నేను చేసేది ఇది: పది వేలు దాటుతుందనిపించిన ఏ వస్తువునూ అదే రోజు కొనను. కాగితం మీద అదేమిటో, దాని స్థితి ఏమిటో, నేను ఎంత ఇవ్వగలనో, దాన్ని నేను సుమారుగా ఎంతకు అమ్ముతానో, రెండూ రాసి సంతకం పెట్టి ఇస్తాను. హైదరాబాద్‌లో ఇంకొక డీలర్‌కి చూపించుకుని రమ్మంటాను. సగం మంది తిరిగి రారు అనుకుంటారేమో, పదిమందిలో ఏడెనిమిది మంది తిరిగొస్తారు, వచ్చేటప్పుడు పక్కింటివాళ్ళ పెట్టె కూడా పట్టుకొస్తారు.

కేటలాగ్ (స్టాంపుల ధరల పుస్తకం) ధర గురించి: అది కేటలాగ్ వేసినవాళ్ళు మచ్చలేని సరుకును అమ్మే ధర, మనం కొనే ధర కాదు. కొనేటప్పుడు నేను నిజంగా అమ్మగలిగే ధరలో సగం వరకు ఇస్తాను, వెంటనే పోయే సరుకైతే ఇంకా ఎక్కువ. చవక సరుకు నెలలు, ఏళ్ళు పడి ఉంటుంది, వేరుచేయడానికి పని పడుతుంది కాబట్టి తక్కువ ఇస్తాను, ఎందుకు తక్కువో కూడా చెబుతాను.

స్థితి చూడటం ఇలా. వెనక్కి తిప్పి లైటుకు అడ్డంగా పట్టండి, పల్చబడ్డ చోటు ఉంటే వెలుతురు ఎక్కువగా కనిపిస్తుంది. నాలుగు వైపులా పళ్ళు లెక్కపెట్టండి, ఒక్క పన్ను పొట్టిదైనా ధర పడిపోతుంది. మడత, తుప్పు చుక్కలు, మళ్ళీ పూసిన జిగురు చూడండి. వాటర్‌మార్క్ (కాగితం లోపలే ఉండే గుర్తు) కూడా. 1957లో నయా పైసలతో వచ్చిన భారతదేశ పటం స్టాంపులు మొదట నక్షత్రాల వాటర్‌మార్క్‌తో, 1958 నుంచి అశోక స్తంభం వాటర్‌మార్క్‌తో వచ్చాయి, ముందు నుంచి చూస్తే రెండూ ఒకటే. నల్ల పింగాణీ పళ్ళెంలో బోర్లా పెట్టి చూడటం అలవాటు చేసుకుంటే చాలావరకు కన్నుకే తెలుస్తుంది.

నకిలీలు చాలా ఉన్నాయి. 1852 సింధ్ డాక్, ఆసియాలోనే మొదటి తపాలా బిళ్ళ అది, తన దగ్గర ఉందని ఇప్పటివరకు నా దగ్గరకు వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉన్నది తర్వాతి కాలపు నకలే. 1854లో వచ్చిన నాలుగణాల స్టాంపులో రాణి తల తలకిందులైనదీ అంతే, బొమ్మ కోసం అచ్చేసిన కాగితాలు. గాంధీ పది రూపాయల మీద ‘సర్వీస్’ అనే అచ్చు ఉన్నది చాలా అరుదు, అందుకే మామూలు స్టాంపు మీద ఆ అచ్చు దొంగతనంగా వేస్తారు. నిపుణుల సర్టిఫికెట్ లేకుండా ఇలాంటివి కొనకండి, అమ్మకండి. తెలియకపోతే తెలియదని చెప్పండి, ఆ మాట వల్ల నాకు ఎప్పుడూ బేరం పోలేదు.

నానబెట్టడం

కాగితం మీద ఉన్న మామూలు స్టాంపులను మామూలు నీళ్ళలో 15, 20 నిమిషాలు నానబెడితే వాటంతట అవే విడిపోతాయి, గోటితో లాగకండి. రంగు కవర్ల ముక్కలను వేరే గిన్నెలో వేయండి, లేకపోతే ఆ ఎరుపో పసుపో అన్నిటికీ పడుతుంది. తీసి, జిగురు వైపు పైకి ఉండేలా పాత నూలు ధోవతి మీద ఆరబెట్టి, సగం ఆరాక బరువు కింద పెట్టండి. కొత్త స్టిక్కర్ రకం స్టాంపులు నీళ్ళకు రావు, చుట్టూ కాగితం వదిలి అలాగే ఉంచండి.

బడిలో క్లబ్బు

నా మనసుకు దగ్గరైన పని ఇది, దుకాణం మూసేసినా ఇది మానను. ఒక ప్రభుత్వ పాఠశాలలో మొదలుపెట్టి ఇప్పుడు మూడు బడులకు వెళ్తున్నాను, శనివారం మధ్యాహ్నం, ఒక పీరియడ్. హెడ్మాస్టర్‌ను కలిసినప్పుడు డబ్బు అడగకండి, అమ్మకం గురించి మాట్లాడకండి. బడి గేటు లోపల ఒక్క స్టాంపు కూడా అమ్మకూడదు, ఇది గట్టి నియమం. కావాలంటే పిల్లలే అమ్మానాన్నలతో దుకాణానికి వస్తారు, రాకపోయినా పర్వాలేదు.

మొదటి రోజు ఉపన్యాసం ఇవ్వొద్దు. ఒక్కొక్కరికి పదేసి స్టాంపులు ఇవ్వండి, మంచి రంగువి (ఇందాక చెప్పిన ఎమిరేట్ల స్టాంపులు ఇక్కడ బంగారంలా పనికొస్తాయి), గోడకు ప్రపంచ పటం తగిలించండి, ఏ స్టాంపు ఏ దేశానిదో కనిపెట్టమనండి. హెల్వేషియా అని రాసి ఉంటే స్విట్జర్లాండ్, మాగ్యార్ పోస్తా అంటే హంగరీ, సువోమి అంటే ఫిన్లాండ్, నోర్గే అంటే నార్వే. ఏ దేశం పేరూ లేకుండా రాణి తల మాత్రం ఉంటే బ్రిటన్, 1840లో మొదటి స్టాంపు తెచ్చింది వాళ్ళే కాబట్టి ఇప్పటికీ పేరు వేసుకోరు. ఒకసారి ఒక ఆరో తరగతి అమ్మాయి దుబాయ్ స్టాంపు పట్టుకుని పటం దగ్గరకెళ్ళి, "సార్, మా బాపు ఇక్కడ ఉంటడు" అని చిటికెన వేలు పెట్టి చూపించింది. అప్పటిదాకా ఆమె ఆ చోటును పటంలో చూడలేదట. వాళ్ళ బాపు ఉండే దేశం 1971 డిసెంబర్‌లో ఏర్పడిందనీ, అంతకు ముందు దుబాయ్‌కి వేరే, షార్జాకి వేరే స్టాంపులు ఉండేవనీ ఆ రోజు క్లాసంతా నేర్చుకుంది.

తర్వాతి వారాల్లో మన వాళ్ళను చూపించండి. కందుకూరి వీరేశలింగం 1974, గురజాడ అప్పారావు 1976, దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1982, అల్లూరి సీతారామరాజు 1986, ఘంటసాల 2003, పింగళి వెంకయ్య 2009. ఒక్కో స్టాంపుకు ఒక పిల్లాడు ఐదు వాక్యాలు తెలుగులో రాసి చదవాలి. పాఠ్యపుస్తకంలో చదివి మర్చిపోయినది చేతిలో స్టాంపు ఉంటే మర్చిపోరు. 1947 నవంబర్ 21న విడుదలైన జెండా స్టాంపు, మూడున్నర అణాలది, మీద ‘జైహింద్’ అని ఉంటుంది, స్వతంత్ర భారతానికి మొదటిది. అది ఒకటి తీసుకెళ్ళి అందరి చేతుల్లోనూ పెట్టండి, ట్వీజర్‌తో పట్టుకోవడం అప్పుడు నేర్పండి. ఇక 2006లో వచ్చిన గంధం వాసన స్టాంపు, 2007 గులాబీ, 2008 మల్లె, 2017 కాఫీ. వాసన ఇంకా మిగిలి ఉందా లేదా అని పిల్లలు చేసే గొడవకు పక్క క్లాసు టీచర్ కూడా వచ్చి చూస్తారు.

క్లబ్బు పెట్టడానికి ఇంకో గట్టి కారణం దీన్ దయాళ్ స్పర్శ్ యోజన. 2017లో తపాలా శాఖ మొదలుపెట్టిన స్కాలర్‌షిప్ ఇది, 6 నుంచి 9వ తరగతి పిల్లలకు నెలకు 500 చొప్పున ఏడాదికి 6,000 రూపాయలు. గత పరీక్షల్లో 60 శాతం మార్కులు ఉండాలి (ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 5 శాతం సడలింపు), బడిలో ఫిలాటెలీ క్లబ్బు ఉండి అందులో సభ్యత్వం ఉండాలి. బడిలో క్లబ్బు లేకపోతే పిల్లల పేరున ఫిలాటెలిక్ డిపాజిట్ అకౌంట్ ఉన్నా పరిశీలిస్తారు. ముందు రాత క్విజ్, అందులో నెగ్గినవాళ్ళకు స్టాంపుల ప్రాజెక్ట్. బీడీలు చుట్టే తల్లికి ఆరువేలు ఎంత అన్నది మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో పిల్లలకు తెలియదు, చాలా బడులకూ తెలియదు. దాన్ని కనిపెట్టి ఉండటం, ఫారం నింపించడం, క్విజ్‌కు తయారుచేయడం దుకాణదారు చేయగలిగిన పని. ప్రాజెక్ట్ మాత్రం పిల్లలతోనే చేయించండి, మీరు చేసి ఇవ్వకండి.

ఊరికి ఇంకా ఏం చేయొచ్చు

తపాలా శాఖ ఏటా ఢాయీ ఆఖర్ అని ఉత్తరాల పోటీ పెడుతుంది, తెలుగులో కూడా రాయొచ్చు, చేత్తోనే రాయాలి. ఇన్‌లాండ్ లెటర్ అయితే 500 మాటల లోపు, కవర్లో పెట్టే కాగితమైతే 1,000 లోపు. 18 ఏళ్ళ లోపువారికి, పైవారికి వేరువేరు బహుమతులు. నేను ఇన్‌లాండ్ లెటర్లు కొని దుకాణంలో పెడతాను, వచ్చి అక్కడే కూర్చుని రాసుకోవచ్చు. పెద్దవాళ్ళు రాయడం మొదలుపెడితే పోటీ సంగతి మర్చిపోయి ఎవరో ఒకరికి నిజంగానే ఉత్తరం రాస్తారు, అదీ పోస్ట్ చేయిస్తాను.

అక్టోబర్ 9 ప్రపంచ తపాలా దినం. ఆ వారంలో శాఖా గ్రంథాలయంలో చిన్న ప్రదర్శన పెట్టొచ్చు. పెద్ద పోటీల్లో ఒక ఫ్రేముకు 16 ఏ4 కాగితాలు పడతాయి, మీరు కూడా అదే లెక్కన పిల్లల చేత 16 కాగితాలు తయారు చేయిస్తే రేపు సర్కిల్ (రాష్ట్ర తపాలా) స్థాయికి పంపడం తేలిక. అసలు సరుకు గోడకు పెట్టొద్దు, రంగు జిరాక్స్ పెట్టి ఖరీదైన అసలువి ఒక రెండు అద్దం కింద చూపించండి. ఊరి పోస్ట్‌మ్యాన్‌ను పిలిచి మాట్లాడమనండి. మా దగ్గర మాట్లాడినాయన గల్ఫ్ ఉత్తరం తెచ్చిన రోజు ఏ ఇంటి ముందు ఎలా ఉండేదో చెబుతుంటే కుర్చీలు చాలక జనం నిలబడి విన్నారు.

దూరం ఊళ్ళకు అమ్మడం

వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో అమ్మకం ఇప్పుడు దుకాణం అమ్మకం కన్నా ఎక్కువ. ముందు వెనక రెండు ఫొటోలూ పెట్టండి, లోపం ఉంటే బాణం గుర్తు పెట్టి చూపించండి. నచ్చకపోతే వారంలో తిరిగి తీసుకుంటానని రాయండి, తీసుకోండి. రెండు గట్టి అట్టల మధ్య, తడి తగలని కవర్లో పెట్టి పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి ఖర్చు మారింది, చిన్న ఆర్డర్లకు ఆ చార్జీ భారం అవుతుంది. నేను మూడు నాలుగు ఆర్డర్లు కలిసేదాకా కొనేవాళ్ళ పేరున ఒక కవర్లో దాచి ఒకేసారి పంపుతాను. పన్నుల లెక్క ఊళ్ళో ఆడిటర్‌ను అడిగి మొదటి నుంచే సరిగ్గా పెట్టుకోండి, ప్రతి కొనుగోలుకూ రసీదు రాయండి, ఎవరి దగ్గర కొన్నారో పేరు, ఊరు, తేదీతో సహా. దొంగ సరుకు రాకుండా కాపాడేది ఆ పుస్తకమే.

చివరగా ఒక పెట్టె గురించి. నా బీరువా కింది అరలో ఇనప పెట్టె ఒకటి ఉంది. ధర చెప్పమని ఇచ్చి తిరిగి రానివాళ్ళవి, చదివి వినిపించమని ఇచ్చి ఊరు వెళ్ళిపోయినవాళ్ళవి ఉత్తరాల కట్టలు అందులో ఉంటాయి. ఇప్పుడు ఏడు ఉన్నాయి. ఒక్కోదాని మీద ఇంటి పేరు, వాడకట్టు, తెచ్చిన తేదీ, ఇవి దుకాణానివి కావు అన్న మాట రాసి ఉంటుంది. అన్నిటికన్నా పాతది 2009ది. రెండేళ్ళకొకసారి ఆ ఇళ్ళకు వెళ్ళి అడిగి వస్తాను. మీరు కూడా మొదటి రోజే అలాంటి పెట్టె ఒకటి కొని, తాళం చెవి ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పి పెట్టండి.